ముల్లు గుచ్చుకుంటే కాలు ఎందుకు వాస్తుంది?



ఈ నెల గోడపత్రికలో సైన్సు మూల రాసే వంతు నాకు వచ్చింది. సైన్సు మేడం "కిరణజన్య సంయోగక్రియ రాయి, ఆకు బొమ్మ బాగుంటుంది" అన్నారు. నేను మాత్రం నా కాలు గురించి రాస్తానన్నాను. మేడం నవ్వేసి, "సరే, కానీ కథ కాదు, పాఠం రాయాలి" అన్నారు. అందుకని పాఠమే రాస్తున్నాను. మధ్యలో కథ వస్తే ఆ తప్పు నా కాలిది.

సంక్రాంతి సెలవులు అయిపోయి ఊర్నించి వస్తున్నప్పుడు జరిగిందిది. మా ఊరికి బస్సు రాదు. కొండ దిగి, గెడ్డ దాటి, రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాలి. దారిలో నా చెప్పు తెగిపోయింది. చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. గెడ్డ ఒడ్డున ఈత పొదల దగ్గర కుడి అరికాల్లో ముల్లు దిగిపోయింది. ఈతముల్లు సంగతి మీకు చెప్పక్కర్లేదు. నాన్న గట్టిగా పట్టి లాగాడు. వచ్చినది చూసి మొత్తం వచ్చేసిందనుకున్నాం. మొన విరిగి లోపలే ఉండిపోయిందని మాకు తెలీదు. గెడ్డ నీళ్ళతో కడిగేసుకుని వచ్చేశాను.

మొదటిరోజు రాత్రి కాస్త సలుపు. రెండోరోజు అరికాలు ఎర్రబడింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. మూడోరోజు వాచిపోయి చెప్పులో పట్టలేదు. ప్రేయర్‌లో ఒంటికాలి మీద నిల్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివర్న రాస్తాను. నాలుగోరోజు గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఆ రాత్రి చలిజ్వరం వచ్చి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే పక్క మంచం అక్క లేచి వార్డెన్ మేడం గారిని పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి, చీము తీసేసి, ముల్లు మొన బయటికి తీసి చూపించారు. బియ్యపుగింజలో సగం కూడా లేదు. "ఇంత చిన్న ముల్లుకి కాలు ఇంతలా వాచిందేటండీ?" అని అడిగాను. ఆవిడ దూది పెడుతూ పెడుతూ, "ముల్లు పెట్టింది గాయమే. ముల్లుతో పాటు క్రిములు లోపలికి వెళ్ళాయి. కానీ ఈ వాపు మాత్రం వాటి పని కాదమ్మా, నీ ఒళ్ళు చేసిన పనే" అన్నారు.

అది నా బుర్రకెక్కలేదు. నా ఒళ్ళు నన్నే ఎందుకు బాధ పెడుతుంది? పడుకున్న వారం రోజులూ అదే ఆలోచన. తర్వాత సైన్సు మేడంని అడిగాను, లైబ్రరీ పుస్తకాలు చదివాను. అర్థమైనంత వరకు రాస్తున్నాను.

సుమారు 2000 ఏళ్ళ కిందట రోమ్‌లో సెల్సస్ అనే ఆయన లాటిన్ భాషలో వైద్యం గురించి రాశాడు. ఒంట్లో ఒకచోట ఇలా అయితే నాలుగు గుర్తులుంటాయన్నాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. తర్వాతివాళ్ళు ఐదోది చేర్చారు, ఆ భాగం పని చెయ్యకపోవడం. నేను ఒంటికాలి మీద ప్రేయర్ చేశానే, అదన్నమాట. ఈ ఐదూ కలిపి ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఆ మాటకి మూలం లాటిన్‌లో నిప్పు పెట్టడం. తెలుగు పుస్తకాల్లో శోథ అని ఉంది. నేను వాపు అనే రాస్తాను, అందరికీ తెలిసిన మాట గనక.

ఇక్కడ ఒక సంగతి. పుస్తకంలో అన్నిచోట్లా 'ఎర్రగా అవుతుంది' అని రాసి ఉంటుంది, బొమ్మలో తెల్లటి చెయ్యి ఉంటుంది. మనది నల్లని చర్మం. నాకు అరికాలు గనక ఎరుపు కనిపించింది. అదే మోకాలి మీదో మోచేతి మీదో అయితే ఎరుపు తెలీదు, చుట్టుపక్కల కంటే ఇంకా నల్లగానో కమిలినట్టుగానో కనిపిస్తుంది. అందుకని మనం కంటితో కాదు, చేత్తో చూడాలి. చెయ్యి వెనకభాగం పెట్టి రెండోవైపు కాలితో పోల్చి చూస్తే వేడి తెలిసిపోతుంది. చర్మం బిగుసుకుని నిగనిగలాడుతుంది. 'ఎర్రగా లేదు కాబట్టి ఏం కాలేదు' అనుకోకూడదు.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చూద్దాం.

ఒంటికి మొదటి కాపలా చర్మం. పెద్దవాళ్ళ చర్మం పరిచి కొలిస్తే దాదాపు 2 చదరపు మీటర్లు వస్తుందట. పైపొర అంతా చచ్చిపోయిన కణాలే, తలుపు లాగ మూసి ఉంటాయి. కన్నీళ్ళల్లో, ఉమ్ములో లైసోజైమ్ అనే పదార్థం ఉంది, అది కొన్ని బాక్టీరియాల గోడలు పగలగొడుతుంది. దీన్ని 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టాడు. తర్వాత 1928లో పెన్సిలిన్ కనిపెట్టింది కూడా ఆయనే. (లైసోజైమ్ ఉంది కదా అని గాయం మీద ఉమ్మి రాసుకోకండి. నోట్లో క్రిములు బోలెడు.)

ముల్లు ఏం చేసిందంటే ఆ తలుపుకి కన్నం పెట్టింది. తనతోపాటు మట్టిలోవీ, నా చర్మం మీదవీ బాక్టీరియాలని లోపలికి తోసేసింది. లోపల వెచ్చగా, తడిగా, తిండి పుష్కలంగా ఉంటుంది. అలాంటిచోట ఒక బాక్టీరియా అరగంటకి ఒకసారి రెండుగా చీలుతుందనుకుందాం. 10 గంటల్లో ఎన్నవుతాయి? లెక్కల మేడం చూస్తే సంతోషిస్తారని నేను వేసి చూశాను. 2ని 20 సార్లు హెచ్చించాలి. 10,48,576. రాత్రి అన్నం తిని పడుకుని పొద్దున్న లేచేసరికి ఒకటి పది లక్షలు దాటిపోతుంది!

మన ఒంట్లో రెండు రకాల రోగనిరోధక శక్తి ఉంది. ఒకటి నేర్చుకునేది. టీకా వేస్తే పనిచేసేది అదే. అది ఒక్కో క్రిమిని గుర్తుపెట్టుకుని దానికే సరిపోయే ఆయుధం తయారుచేస్తుంది, కానీ కొత్త క్రిమి అయితే దానికి రోజులు, వారం కూడా పడుతుంది. వారం ఆగితే పైన వేసిన లెక్క ఏమవుతుందో ఊహించండి. అందుకని పుట్టుకతోనే వచ్చే ఇంకొకటి ఉంది. దీన్ని సహజ రోగనిరోధక శక్తి అంటారు. దీనికి చదువు అక్కర్లేదు. నిమిషాల్లో కదులుతుంది, గంటల్లో పోరాటంలోకి దిగుతుంది. వాపు దీని పనే.

మా పోడు చేలో చోళ్ళు పండే వేళకి నాన్న మంచె వేస్తాడు. రాత్రంతా ఒకరు మంచె మీద ఉంటారు. అడవిపంది వస్తే ఒక్కడు కొట్టలేడు, కేక వేసి డబ్బా వాయిస్తాడు. అప్పుడు ఊరంతా దివిటీలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. చర్మం కింద కూడా ఇలాంటి కాపలా కణాలున్నాయి. ఒక రకం పేరు మాక్రోఫేజ్, అంటే పెద్దగా తినేది. ఇంకో రకం మాస్ట్ కణాలు. ఇవి పుట్టినప్పట్నించీ అక్కడ కాపలా కాస్తూనే ఉంటాయి.

మరి వచ్చింది పందో మన ఆవో చీకట్లో కాపలావాడికి ఎలా తెలుస్తుంది? అడుగుజాడ బట్టి, వాసన బట్టి. ఈ కణాలకీ అంతే. బాక్టీరియా గోడలో ఉండే కొన్ని పదార్థాలు మన ఒంట్లో ఎక్కడా ఉండవు. వాటిని పట్టుకునే గ్రాహకాలు కాపలా కణాల మీద ఉన్నాయి. ఈ విషయం తెలిసింది ఈగల వల్ల. అరటిపండు మగ్గితే ముసిరే చిన్న చిన్న ఈగలున్నాయే, అవి. వాటిలో టోల్ అనే జన్యువు పాడైతే బూజు సోకి చచ్చిపోతున్నాయని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం కనిపెట్టింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకల్లో కూడా అలాంటిదే ఉందని, బాక్టీరియా గోడ ముక్కని పసిగట్టేది అదేనని చూపించింది. 2011లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకో పనికి రాల్ఫ్ స్టైన్‌మన్‌కి కూడా కలిపి ఇచ్చారు. మనుషుల్లో ఇలాంటి టోల్ గ్రాహకాలు పది రకాలున్నాయి. ఈగకీ నాకూ ఒకే కాపలా పద్ధతి అంటే నాకు ముందు నవ్వొచ్చింది.

కాపలా కణం క్రిమిని గుర్తుపట్టగానే కేక వేస్తుంది. దాని కేక రసాయనాలు. మాస్ట్ కణం హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. మాక్రోఫేజ్ సైటోకైన్లు అనే వాటిని వదులుతుంది. అప్పుడు జరిగేది వరసగా చూడండి, నాలుగు గుర్తులూ వాటంతటవే వస్తాయి.

దగ్గర్లోని సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. అటువైపు రక్తం ఎక్కువ వస్తుంది. రక్తం ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎరుపు, లోపలి రక్తం వెచ్చన కాబట్టి వేడి. తర్వాత ఆ నాళాల గోడ కణాల మధ్య సందులు తెరుచుకుంటాయి. వాటిలోంచి రక్తంలోని నీరు, ప్రొటీన్లు బయటికి ఊరతాయి. ఆ ప్రొటీన్లలో కొన్ని క్రిములకి అంటుకుని 'దీన్ని తినండి' అని గుర్తు పెట్టేవి, కొన్ని క్రిములకి కన్నం పొడిచేవి. అలా ఊరిన నీరే వాపు. ఇంకా అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ అనేవి తయారవుతాయి. అవి నరాల చివర్లని తట్టి లేపుతాయి. అదే నొప్పి.

నొప్పి కూడా పనికొచ్చేదే అని చదివినప్పుడు నేను ఒప్పుకోలేదు. మేడం ఒక మాట చెప్పారు. కుష్ఠు వ్యాధి ముదిరితే నరాలు దెబ్బతిని కాలికి స్పర్శ ఉండదు. ముల్లు దిగినా తెలీదు, దాని మీదే నడుస్తూ ఉంటారు. పుండు పెద్దదై వేళ్ళు పోతాయి. అప్పుడు ఒప్పుకున్నాను. నొప్పి లేకపోతే నేను ఒంటికాలి మీద నిల్చునేదాన్ని కాదు, గాయాన్ని తొక్కుకుంటూ తిరిగేదాన్ని.

ఇప్పుడు ఊరంతా పరుగెత్తుకు వచ్చే ఘట్టం. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం.

తెల్ల రక్తకణాలు ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయని చదువుకున్నాం కదా. వాటిలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. మూలుగలో రోజుకి దాదాపు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్ పుడతాయి. మన దేశ జనాభా 140 కోట్లు దాటింది. దానికి 70 రెట్లు, ఒక్కరి ఒంట్లో, ఒక్కరోజులో! అవి ఎక్కువ కాలం బతకవు, అందుకే అన్ని కావాలి. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్‌కి గాయం దగ్గరికి వచ్చేసరికి నాళం గోడ జిగురుగా తగులుతుంది. ఆ జిగురు కూడా ఇందాకటి కేక వల్ల వచ్చిందే. అది దొర్లుతూ దొర్లుతూ నెమ్మదించి, ఆగి, సాగి సన్నమై, గోడ కణాల సందులోంచి బయటికి దూరుతుంది. తర్వాత రసాయనాల వాసన ఎటు ఎక్కువుంటే అటు పాకుతుంది.

చేరగానే క్రిమిని మింగేస్తుంది. మింగి లోపల విషం పెట్టి చంపుతుంది. ఆ విషం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మన ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపితే నీళ్ళలో హైపోక్లోరస్ ఆమ్లం తయారై క్రిముల్ని చంపుతుంది. అదే ఆమ్లం న్యూట్రోఫిల్ లోపల కూడా తయారవుతుంది! ఇంకొకటి, 2004లో తెలిసింది. మింగలేనప్పుడు కొన్ని న్యూట్రోఫిల్స్ తమ సొంత డి.ఎన్.ఎ.ని బయటికి వల లాగ విసురుతాయి, క్రిములు ఆ వలలో చిక్కుకుంటాయి. అలా విసిరి చాలావరకు అవి కూడా చచ్చిపోతాయి.

ఈ మింగే కణాలని మొదట అర్థం చేసుకున్నాయన కథ నా కథలాంటిదే, అందుకని చెప్పి తీరాలి. ఆయన పేరు ఇల్యా మెచ్నికోవ్. రష్యా శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనాలో సముద్రం పక్కన ఉండేవాడు. ఒకరోజు ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌కి వెళ్ళిపోతే ఆయన ఒక్కడూ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. సముద్ర నక్షత్రం పిల్లలు గాజులాగ ఉంటాయి, లోపల కణాలు కదలడం కనిపిస్తుంది. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లారి చూస్తే కణాలన్నీ ముల్లు చుట్టూ గుమిగూడి ఉన్నాయి! ఆ పిల్లలకి రక్తనాళాలే లేవు. అయినా కణాలు తమంతట తాము వచ్చాయి. అప్పటివరకు చాలామంది డాక్టర్లు తెల్లకణాలు క్రిముల్ని ఒంట్లో మోసుకు తిరుగుతాయని అనుకునేవారు. కాదు, అవి మన తరఫున పోట్లాడుతున్నాయని ఆయన చెప్పాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆయన సముద్ర నక్షత్రానికి గుచ్చిన ముల్లు, నాకు గుచ్చుకున్న ఈతముల్లు ఒకే పని చేశాయి. కాకపోతే నాకు బహుమతి బదులు ఇంజెక్షన్లు వచ్చాయి.

చీము అంటే మనకి అసహ్యం. అది ఏమిటో తెలిశాక నాకు అసహ్యం పోయింది. పోట్లాడి చచ్చిపోయిన న్యూట్రోఫిల్స్, చచ్చిన క్రిములు, పాడైన మన కణాలు కలిస్తే చీము. మా అమ్మమ్మ సెగ్గడ్డ లేస్తే చిదమనివ్వదు. "ఏటే గుంటా ఆ తొందర, పండనీ" అని వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడుతుంది. అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. కానీ కాపడం పెడితే రక్తం అటు ఎక్కువ వస్తుందని, పండకముందే చిదిమితే క్రిములు పక్కకి, లోతుకి పోతాయని పుస్తకాల్లో కూడా ఉంది. అమ్మమ్మ పేరు లేదంతే.

బిళ్ళ సంగతి కూడా అమ్మమ్మకి తెలుసు. గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే ముందు కాలు చూస్తుంది, చంకలో అయితే చెయ్యి చూస్తుంది. వాచినచోట ఊరిన నీరు సన్నని గొట్టాల్లోంచి పైకి వెళ్తుంది, దాన్ని శోషరసం అంటారు. దారిలో చిక్కుడుగింజ లాంటి కణుపులుంటాయి. అవి చెక్‌పోస్టులు. క్రిముల ముక్కలు అక్కడికి చేరాక, ఇందాక చెప్పిన నేర్చుకునే శక్తి అక్కడే పాఠం మొదలుపెడుతుంది. కణాలు పెరిగి కణుపు ఉబ్బుతుంది. అదే బిళ్ళ. దాన్ని నలపకూడదు, కాలు బాగైతే అదే కరుగుతుంది.

జ్వరం కూడా బయటినుంచి వచ్చింది కాదు. సైటోకైన్లు రక్తంలో మెదడు దాకా వెళ్తే, అక్కడ హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడి ఎంతుండాలో ఆ అంకె పెంచుతుంది. అప్పటిదాకా 37 డిగ్రీల సెల్సియస్ చాలు అన్నది 39 కావాలంటుంది. ఒళ్ళు 37లోనే ఉంది గనక మనకి చలి వేస్తుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. జ్వరంలో ఒళ్ళు కాలిపోతుంటే చలి ఎందుకేస్తుందో నాకు చిన్నప్పట్నించీ అనుమానం, ఇప్పుడు తీరింది. అయితే ఒకటి. మన ఏజెన్సీలో చలిజ్వరం అంటే ముందు మలేరియా రక్తపరీక్ష చేయించాలి. నాకూ చేశారు, లేదని వచ్చింది.

ఇంతవరకు చదివి వాపు మంచిదే కదా, వదిలేద్దాం అనుకుంటారేమో. నేను అదే చేశాను. అసలు ప్రమాదం ఇక్కడుంది.

దివిటీలు పట్టుకుని చేలోకి వచ్చిన ఊరివాళ్ళు పందిని తరుముతూ కొంత పంట కూడా తొక్కేస్తారు. న్యూట్రోఫిల్ వదిలే విషానికి క్రిమి ఏది, మన కణం ఏది అని తేడా లేదు. పోరాటం అరికాల్లోనే జరిగి ఆగిపోతే ఫరవాలేదు. మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చినవాటిని తిని శుభ్రం చేస్తాయి, కొత్త కణాలు పుట్టి గాయం మానుతుంది. కానీ నా కాల్లో ముల్లు మొన ఉండిపోయింది. అది ఉన్నంతకాలం పోరాటం ఆగదు. క్రిములు రక్తంలోకి పోతే కేక ఒళ్ళంతా వినిపిస్తుంది. అరికాల్లో రక్తనాళాలు వెడల్పయితే మేలు. ఒళ్ళంతా ఒకేసారి వెడల్పయి, కారిపోతే? రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలకి, మెదడుకి రక్తం చాలదు. దీన్ని సెప్సిస్ అంటారు. ప్రాణం పోతుంది. కాపాడేదే చంపేదవుతుంది. 2020లో కరోనా వచ్చి బడులు మూసేసినప్పుడు నేను చిన్నదాన్ని. అప్పుడు ఊపిరాడక పోయిన చాలామందిలో వైరస్‌తోపాటు ఈ అతి వాపు కూడా ఊపిరితిత్తుల్ని పాడుచేసిందట. ఆ ఏడాది జూన్‌లో ఇంగ్లండులో తేలిందేమిటంటే, వాపుని తగ్గించే డెక్సామెథసోన్ అనే పాత, చవక మందు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చావులు మూడోవంతు దాకా తగ్గాయి. ఆ మందు వైరస్‌ని చంపదు, మన పోరాటాన్నే అదుపు చేస్తుంది.

కాబట్టి వీటిని చూస్తే పొద్దున్నదాకా ఆగొద్దు. వాపు గంటగంటకీ పాకడం. గాయం నుంచి పైకి గీత గీసినట్టు ఎర్రని చార (మన చర్మం మీద నల్లని చారగానో, ముట్టుకుంటే నొప్పి పెట్టే గీతగానో తెలుస్తుంది). వణుకుతో జ్వరం. ఊపిరి వేగంగా తీయడం. మాట తడబడడం, మగతగా ఉండడం. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. మన పెద్దవాళ్ళు బల్ల అంటారే, ఆ ప్లీహం రక్తంలోని క్రిముల్ని వడకడుతుంది. ఆ వ్యాధిలో చిన్నతనంలోనే అది పాడైపోతుంది. అందుకని వాళ్ళకి ఉత్త జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రే.

వాపు ఆపలేనిది ఇంకొకటి, ధనుర్వాతం. దాని బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. గాలి తగలని లోతు గాయంలో మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం నరాలని పట్టేస్తుంది, కాపలా కణాలు ఏమీ చెయ్యలేవు. టీకా ఒక్కటే దారి. 10 ఏళ్ళకి ఒకటి, 16 ఏళ్ళకి ఒకటి టి.డి. ఇంజెక్షన్ వేస్తారు. ఏ.ఎన్.ఎం. అక్క వచ్చిన రోజు బాత్రూముల్లో దాక్కునేవాళ్ళకి ఇది చెప్తున్నాను (నేనూ దాక్కున్నదాన్నే). గాయం మీద బూడిద, పేడ, సున్నం పెట్టడం మా ఊళ్ళో కూడా ఉంది. ఈ విషయంలో మాత్రం నేను అమ్మమ్మతో పోట్లాడతాను. సబ్బు, ధారగా పడే నీళ్ళు చాలు. మిగిలింది డాక్టరుకి వదిలేద్దాం.

ఇప్పుడు ఎందుకు చెప్పలేదో రాస్తాను. వార్డెన్ మేడం గారు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

నిరుడు మన హాస్టల్లో ఒక చెల్లికి జ్వరం వచ్చి ఇంటికి పంపించారు. జ్వరం తగ్గింది. కానీ తను మళ్ళీ రాలేదు. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్ళు లేరు, చేలో పని ఉంది, అలా ఉండిపోయింది. మా ఇంట్లో అమ్మా నాన్నా వేలిముద్ర వేస్తారు. బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. కాలు వాచిందంటే ఇంటికి పంపిస్తారు, ఇంటికి వెళ్తే మళ్ళీ రానేమో అని నాకు భయం. అందుకని సాక్సు వేసి వాపు దాచాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మనలో చాలామంది ఇలాగే దాస్తారని నాకు తెలుసు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మేడం గారితో ఈ మాట చెప్పేశాను. మేడం గారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గోడపత్రికలో రాయి. ఒంట్లో బాగోలేదని చెప్పిన పిల్లని ముందు ఆసుపత్రికి తీసుకెళ్తాను. ఇంటికి పంపాల్సి వస్తే ఏ రోజు తిరిగి రావాలో రిజిస్టర్లో రాస్తాను, ఆ రోజుకి రాకపోతే నేనే ఊరికి వస్తాను" అన్నారు. అప్పట్నించి రాత్రి హాజరు పిలిచేటప్పుడు చెప్పులు విప్పించి అందరి కాళ్ళూ చూస్తున్నారు. నిన్న ఆరో తరగతి చెల్లికి మడమలో గాజుపెంకు దొరికింది.

ఆ వెళ్ళిపోయిన చెల్లి ఊరు మా గెడ్డకి అవతలి గట్టునే. వేసవి సెలవులకి వెళ్ళేటప్పుడు మేడం గారు ఒక కాగితం రాసి ఇస్తామన్నారు, వాళ్ళ అమ్మకి నేనే చదివి వినిపించాలి.

డాక్టరమ్మ గారు ఇచ్చిన ముల్లు మొన నా దగ్గర అగ్గిపెట్టెలో ఉంది. చూడాలనుకున్నవాళ్ళు సాయంత్రం ఆటల పీరియడ్ అయ్యాక మూడో నెంబరు గదికి రండి. చేత్తో మాత్రం ముట్టుకోనివ్వను.